సూదిరాయి మీద సెలవు

సోమవారం. గాలి తగ్గింది.

ఈ రోజు రెండుసార్లు విందు భోజనం చేశాను. రెండూ వేరేవాళ్లవి.

పొద్దున అతిథి ఒక పెద్దావిడ. చల్లమేడల్లోనే పుట్టిందట, అక్కడే పెరిగిందట. కాళ్ల కింద ఇసుక ఎలా ఉంటుందో తెలియదంది. ఆవిడ కోసం చెప్పులు విడిచి తీరం పొడుగునా నడిచాను. తర్వాత ద్రాక్షతోట మెట్లెక్కి, పైన నీడలో వేసిన బల్ల దగ్గర కూర్చుని, పీతల వేపుడు, ఆవ పెట్టిన పనసపొట్టు తిన్నాను. మంచులో పెట్టిన తెల్ల వైన్ తాగాను. "నెమ్మదిగా నములు తల్లీ, తొందరేం లేదు" అని చెవిలో ఆవిడ గొంతు. మంచి మనిషి. వెళ్లేటప్పుడు ఏడ్చింది.

మధ్యాహ్నం ఒక కుర్రవాడు. వాడికి తిండి మీద ధ్యాస లేదు. చిన్న పడవ వేసుకుని దీవి చుట్టూ తెడ్డు వేయమన్నాడు. కొండచరియ మీంచి నీళ్లలోకి దూకమన్నాడు. దూకాను. మళ్లీ అన్నాడు. మళ్లీ దూకాను. అది అయ్యాక వంజరం ముక్కలు, బొంగులో కాల్చిన కోడి, నేరేడు వైన్. కడుపులో చోటు లేకపోయినా తిన్నాను.

మేముండే ఈ పిట్టకొండ ఒకప్పుడు నిజంగా కొండేనట. సముద్రం పైకొచ్చాక దీవి అయింది. ఇప్పుడు ఒడ్డున ఎండకి మనుషులు చల్లమేడలు దాటి బయటికి రాలేరు. ఇక్కడ మాత్రం గాలి చల్లగా ఉంటుంది. అందరూ రావడానికి దీవి చాలదు కాబట్టి వాళ్లు మేడల్లో పడుకుని తలకి పట్టీ పెట్టుకుంటారు. మేము ఇక్కడ మెడ వెనక పట్టీ పెట్టుకుంటాం. మా కాళ్లకి తగిలింది వాళ్లకి తగులుతుంది, మా నాలుకకి తెలిసింది వాళ్లకి తెలుస్తుంది. ఒళ్లు మాది, సెలవు వాళ్లది. ఈ పని చేసేవాళ్లని జోడు అంటారు. నేను జోడుని. నా భర్త అసిరినాయుడు కూడా జోడే. ఈ దీవిలో అతనంత బాగా రాళ్లెక్కేవాడు లేడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఎండునెత్తళ్లు వేయించాను, రాగి అంబలి కాచాను. పరధ్యానంలో వేపుడులో కారం రెండుసార్లు వేసినట్టున్నాను. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అసిరి మాత్రం కంచం ఖాళీ చేస్తున్నాడు.

"కారం తెలీడం నేదేటి మావా?" అన్నాను.

"ఏటి కారం?" అన్నాడు.

బుధవారం

పెనం మీద చెయ్యి పెట్టాడు.

నేను రొట్టె తిప్పి, గిన్నె తేవడానికి వెనక్కి తిరిగాను. చర్మం కాలిన వాసన వచ్చింది. తిరిగి చూస్తే పొయ్యి పక్కన కూర్చున్న అసిరి, ఒరిగిపోకుండా ఆనుకోవడానికి పెనం మీద అరచెయ్యి ఆన్చి ఉన్నాడు. నేను లాగేదాకా తీయలేదు. లాగాక ఆ చేతిని ఎవరిదో వస్తువు చూసినట్టు చూశాడు.

చెయ్యి కడిగి మందు రాస్తుంటే అప్పుడు చెప్పాడు. చాలా రోజుల నుంచీ ఇలాగే ఉందట. మొదట నాలుక పోయింది. తర్వాత వేళ్లు. పట్టీలో అతిథి లేనప్పుడు ఏదీ తెలియదు.

"పనిలో ఉన్నపుడు తెలస్తాదా?"

"పనిలో ఉంటే అన్నీ తెలస్తాయి రత్నా. అతిథి లోపలికి రాగానే లైటేసినట్టు ఉంతాది. మట్టి వాసన, ఉప్పు గాలి, రాయి మీద నాచు. ఆళ్లు ఎల్లిపోతే నోట్లో గుడ్డముక్క ఎట్టినట్టు ఉంతాది."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏటి సేత్తావు? పని మానీమంతావు."

నిజమే. అదే అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో కూర్చుంటే తను ఏమీ కాడట. కర్రముక్కట.

గురువారం

మాకు పనిచ్చే రిసార్టు ఆఫీసుకి ఇద్దరం వెళ్లాం. ఉదయభాను మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించింది. అసిరి చేతికున్న కట్టు చూసి నొచ్చుకుంది. జోడుల బాగోగులు ఆవిడే చూస్తుంది. కసురుకునే మనిషి కాదు.

పట్టీ పెట్టి, అవతల ఆఫీసు మనిషి ఒకరిని అతిథిలా ఉంచి పరీక్ష చేశారు. సూదితో గుచ్చితే అసిరి ఉలిక్కిపడ్డాడు. చక్కెర, ఉప్పు, నిమ్మకాయ, అన్నీ సరిగ్గా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని ముఖం వెలిగిపోయింది. నిమ్మరసం చుక్క నాలుక మీద పడగానే కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖం నేను చూసి ఎంత కాలమైందో.

"అన్నీ బాగానే ఉన్నాయి రత్నంగారూ" అంది మేడమ్.

"పట్టీ తీసి సూడండి మేడమ్."

"పట్టీ లేకుండా చూసే పరికరం మా దగ్గర లేదమ్మా. మాకు కావలసింది పనివేళల్లో మీ ఆరోగ్యం. అది బాగుంది."

"పని అయిపోయాకా ఈ మనిషే కదండీ."

ఆవిడ నా కప్పు వంక చూసింది. నా టీ చల్లారిపోయిందని ఇంకో కప్పు తెప్పించింది.

శనివారం

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

మధ్యాహ్నం నాకు అతిథులు లేరు. అసిరి ద్రాక్షతోట పైన భోజనం బల్ల దగ్గరికి రమ్మని కబురు చేశాడు. వెళ్లాను. ఎర్ర వైన్ గ్లాసు ముందు పెట్టుకుని, కొబ్బరి ఆకులో కాల్చిన చందువా చేప తింటున్నాడు. మెడ వెనక పట్టీ మీద పచ్చ దీపం వెలుగుతోంది, అంటే అతిథి లోపలే ఉన్నాడు. నన్ను చూసి లేచి దగ్గరికొచ్చాడు. కట్టు లేని చేత్తో నా చెంప తాకాడు.

అలాగే నిలబడిపోయాడు. చెంప మీంచి మెడ మీదికి, మెడ మీంచి భుజం మీదికి చెయ్యి జరిపాడు, గుడ్డివాళ్లు తడిమి చూసినట్టు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. నాకూ ఏడుపొచ్చింది. ఆ చేతిలో ఇంకో మగాడు ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

"తియ్యి మావా" అన్నాను.

"ఒక్క నిమిషం ఉండు."

"తియ్యి. ఆ బాబు ఉన్నాడు."

అసిరి చెవిలో ఏదో విని, తల వంచుకున్నాడు. నేను అతని చెయ్యి విదిలించుకుని మెట్లు దిగి వచ్చేశాను.

సాయంత్రం అడిగాను, ఆయన ఏమన్నాడని.

"ఎవరావిడ అని అడిగాడు. మా ఇంటిదండీ అన్నాను. సెయ్యి తియ్యకు అన్నాడు."

ఆయన పేరు హేమచందర్ అట. సెలవు ఇంకా ఉందట. మిగిలిన రోజులన్నీ అసిరే కావాలన్నాడట.

సోమవారం. ఎండ, సముద్రం నిలకడగా ఉంది.

దీవికి దక్షిణాన నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన రాయి ఉంది. సూదిరాయి అంటాం. అసిరి దాన్ని పట్టీ రాకముందు నుంచీ ఎక్కుతున్నాడు. అతిథుల కోసం ఎక్కాలంటే నడుముకి తాడు ఉండాలి, ఆ రోజు వైన్ ముట్టకూడదు. అది రిసార్టు పెట్టిన నియమమే.

హేమచందర్‌గారికి రేపు భోజనం, వైన్ అయ్యాక దాన్ని ఎక్కాలని ఉందట. తాడు కూడా వద్దట. తాడు కడితే తాడే తెలుస్తుంది, రాయి తెలియదన్నాడట. రిసార్టు సరేనంది. జోడు ఒప్పుకుంటేనే అని ఒక మాట తగిలించింది. అసిరి ఒప్పుకున్నాడు.

"నీకు మతిపోయిందేటి?" అన్నాను.

"రాయి నాకు తెలీదా?"

"రాయి తెలుసు. నీ సెయ్యి నీకు తెల్దు కదా."

"ఆయన ఉన్నంతసేపు తెలస్తాది."

"ఆయన ఎల్లిపోతే?"

అసిరి ఆ మాట విననట్టు పట్టీ తుడుచుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి, "పైదాకా ఎక్కి ఎన్నాళ్లయింది రత్నా" అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. ఎండ చూసి ఎన్నాళ్లయిందని ఖైదులో ఉన్నవాడు అన్నట్టుంది.

మంగళవారం

రాయి కింద కాపలా పడవ నాదే. నేనే అడిగి వేయించుకున్నాను.

పడవలో రేడియో ఉంటుంది. జోడు మాట, అతిథి మాట రెండూ వినిపిస్తాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అసిరి చొక్కా విప్పి రాయి మొదట్లో నిలబడ్డాడు, చేతి కట్టు కూడా విప్పేశాడు. రెండు అరచేతులూ రాయికి ఆన్చి, నవ్వాడు. అంత దూరం నుంచి కూడా ఆ నవ్వు కనిపించింది.

"వేడిగా ఉంది" అంది రేడియోలో హేమచందర్‌గారి గొంతు, చిన్నపిల్లాడిలా.

"పొద్దుట్నించి ఎండలో ఉంది కదా బాబూ. పైన సల్లగుంతాది, సూడండి" అన్నాడు అసిరి.

ఎక్కుతుంటే మాటలు తగ్గాయి. ఊపిరి వినిపించేది. ఎక్కడ వేలు దూర్చాలో, ఎక్కడ మడమ ఆన్చాలో అసిరి మెల్లగా చెప్పుకుంటూ పోతున్నాడు. చాలా బాగా ఎక్కాడు. అంత బాగా ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. సగం దాటాడు. ఇంకొంచెం పైకి వెళ్లాడు. అక్కడ ఒక పగులులో చెయ్యి పెట్టగానే లోపలి నుంచి పెద్ద గద్ద ఒకటి రెక్కలు కొట్టుకుంటూ అతని ముఖం మీదుగా ఎగిరిపోయింది.

అసిరి కదల్లేదు. రాయికి అతుక్కునే ఉన్నాడు. రేడియోలో మాత్రం హేమచందర్‌గారు గట్టిగా అరిచారు. అరిచి, కిందికి చూడమన్నారు. అసిరి తల వంచాడు.

"చాలు. నాకు వద్దు. కళ్లు తిరుగుతున్నాయి."

"కళ్లు మూసుకోండి బాబూ. ఏటీ అవదు. దిగిపోతాను."

"నేను తీసేస్తాను."

"తియ్యకండి. పట్టీ మట్టుకు తియ్యకండి. నాను కిందికి దిగినంతసేపు ఉండండి బాబూ, మీకు దండమెడతాను."

నేను పడవలోంచి రేడియో బొత్తం నొక్కి, ఉండండి సార్, ఉండండి అని అరిచాను. నా మాట అక్కడికి చేరిందో లేదో. టక్‌మని చిన్న చప్పుడైంది. తర్వాత ఒక్కడి ఊపిరే వినిపించింది.

అసిరి తన చేతుల వంక చూశాడు. పగులులో ఉన్న వేళ్లని చూస్తూ, వాటిని చూపుతోనే పట్టుకోవాలన్నట్టు చూస్తూ, ఒక కాలు కిందికి దించాడు. ఇంకో కాలు కూడా దించాడు. ఆ పగులు మీదికి నీడ వచ్చిందో, చెమటే కళ్లలో పడిందో. చెయ్యి జారిపోతోందని అతనికి తెలియలేదు. కింద ఉన్న నాకు ముందు తెలిసింది.

రాతి అంచు మీద నడుము కొట్టుకుని నీళ్లలో పడ్డాడు. దూకాను.

ఆదివారం

బతికాడు. నడుము కింద ఇక కదలదని డాక్టరు చెప్పాడు. నొప్పి లేదు. ఆ ఒక్క మంచయినా జరిగిందన్నాడు డాక్టరు. నేను ఆ డాక్టరు ముఖం చూస్తూ ఉండిపోయాను.

ఉదయభాను మేడమ్ పళ్లబుట్ట తెచ్చింది. మంచం పక్కన కూర్చుని అసిరి దుప్పటి సర్దింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అడిగాను, పైవాళ్లకి ఏమని రాశారని. అబద్ధం చెప్పలేదు ఆవిడ.

"అతిథి క్షేమం అని రాశానమ్మా. అంతకంటే రాయడానికి అక్కడ చోటు ఉండదు."

వానలు మొదలయ్యాయి

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. అసిరికి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, పుండ్లు పడకుండా తిప్పడం, మళ్లీ పనికి పోవడం. అతని పట్టీ తీసేసుకున్నారు. తినేటప్పుడు వేడి ఎంతుందో నేను చూసి పెడతాను. మాట మాత్రం బాగానే మాట్లాడతాడు. వానని కళ్లతో చూస్తూ ఉంటాడు.

ఈ రోజు నా అతిథి హేమచందర్‌గారు. సెలవు మధ్యలో చెడిపోయిందని రిసార్టు ఆయనకి మళ్లీ అవకాశం ఇచ్చిందట. నేనే కావాలని అడిగాడట. వద్దనవచ్చు. వద్దంటే ఆ వారం పని ఉండదు. కానీ అందుకు కాదు వెళ్లింది. ఆ గొంతుని ఒకసారి వినాలనిపించింది.

అదే బల్ల. మెంతికూర పెట్టి వండిన రొయ్యలు, వేడి అన్నం, నెయ్యి, ఎర్ర వైన్.

"మీ ఆయన ఎలా ఉన్నారు?" అన్నాడు చెవిలో.

"ఉన్నాడండి."

"నేను రోజూ ఆయన గురించే ఆలోచిస్తున్నాను. నిద్ర పట్టడం లేదు. నాకు నిజంగా భయమేసింది. భయమేస్తే పట్టీ తీసేయమని మాకు చెబుతారు."

"అవునండి. మీకు అలాగే సెప్తారు."

నేను ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. కాసేపయ్యాక ఆయన మొహమాటంగా, "కొంచెం తినండి. మీరు తినకపోతే నాకూ నీరసంగా ఉంది" అన్నాడు. తిన్నాను. వైన్ తాగాను. బాగుంది అన్నాడు. బాగానే ఉంది.

తర్వాత అసిరిని ఒకసారి చూడవచ్చా అని అడిగాడు. తీసుకెళ్లాను. వానలో తడుస్తూ వెళ్లాం. వాన ఎంత బాగుందో అన్నాడు దారిలో.

అసిరి నా మెడ వెనక దీపం చూశాడు.

"ఎవుల్ని తెచ్చావు?"

"ఆ బాబుని."

"కూకోమను" అన్నాడు. నేను మంచం అంచున కూర్చున్నాను. అసిరి నా కళ్లలోకి చూస్తూ, నన్ను కాదు, ఆయన్ని అడిగాడు.

"బాబూ, ఆ రోజు అంతెత్తునించి సముద్రం బాగున్నాదా?"

చెవిలో సన్నగా జవాబు వచ్చింది.

"బాగుందంట" అన్నాను.

"అయితే మరి మంచిదే" అన్నాడు అసిరి. నవ్వాడో లేదో తెలియలేదు.

నేను అతని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. కాలిన మచ్చ గరుకుగా ఉంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. నేను నొక్కితే తిరిగి నొక్కలేదు. అతనికి తెలియదు కదా, పట్టుకున్నానని. ఇంకా గట్టిగా నొక్కాను. ఊపిరి ఆడలేదు. హేమచందర్‌గారు క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను. చెవిలో గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. చివరికి చాలా మెల్లగా అన్నాడు.

"ఇంకాసేపు ఇలాగే ఉండండి. నా జన్మలో ఇంతగా ఏదీ తెలియలేదు. ఈ నొప్పి... ఇది ఎక్కడా దొరకదు."

నేనే పట్టీ పీకేశాను.

మర్నాడు

ఉదయభాను మేడమ్ ఇంటికే వచ్చింది. ఈసారి నా వంక చూడకుండా మాట్లాడింది. హేమచందర్‌గారు తెలిసినవాళ్లకి చెప్పారట. అలాంటిది తమకీ కావాలని మరికొందరు అడుగుతున్నారట. రోజూ ఒక్క గంట, నేను ఇంట్లోనే ఉండవచ్చు. అసిరికి అన్నం పెడుతూ, చెయ్యి పట్టుకుని. బయట తిరిగే పని ఉండదు, దూకే పని ఉండదు.

"మీకు మంచిదేనమ్మా. ఇద్దరూ ఒకచోట ఉంటారు" అంది. ఆ మాట ఆవిడ నమ్మే అంది.

"కాదంటే?"

"ఈ ఇల్లు జోడులకి ఇచ్చిందమ్మా."

నేను పట్టీ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది. లోపలి నుంచి అసిరి గొంతు వినిపించింది.

"రత్నా, మూటలు కట్టు."

పడవ మీద

ఒడ్డుకి వెళ్లే సరుకు పడవలో రాస్తున్నాను. వాన వెలిసింది. అసిరిని చాపతో సహా మోసుకొచ్చి తెరచాప నీడలో పడుకోబెట్టారు. ఒడ్డున ఎండలో ఎక్కడుంటాం, ఏం చేస్తామన్నది ఇద్దరం మాట్లాడుకోలేదు. మేడల కింద నీడలో గుడారాలు ఉంటాయంటారు. అక్కడికి వెళ్లాక చూడాలి.

వెనక పిట్టకొండ కనిపిస్తూనే ఉంది. చాలా అందంగా ఉంది. ఒంటి మీద పట్టీ లేకుండా దాన్ని ఇంత దూరం నుంచి చూడటం ఇదే మొదటిసారి. ఎవరూ బాగుంది అనలేదు. నేనూ అనలేదు.

పడవవాళ్లు కిరసనాయిలు పొయ్యి మీద అన్నం, వంకాయ పులుసు వండారు. మాకూ చెరో ఆకులో పెట్టారు. అసిరికి ముందు తినిపించాను. వేడి చూసి, చల్లార్చి, ముద్ద చేసి. మింగాడు, నీళ్లు తాగాడు. తర్వాత నేను తిన్నాను. నాకింకా తెలుస్తోంది. ఎన్నాళ్లు తెలుస్తుందో తెలియదు.

అసిరి నా వంక చూస్తున్నాడు.

"ఎలగున్నాది?"

"బాగోనేదు మావా."

"ఎలగ బాగోనేదో సెప్పు."

వంకాయ చేదుగా ఉందని చెప్పాను. చింతపండు ఎక్కువైందని, అన్నం అడుగంటిందని, ఆ మాడు వాసన ముక్కులో పట్టేసిందని, ఒక మెతుకు మెత్తగా ఉంటే ఒకటి పలుకుగా ఉందని చెప్పాను. కిరసనాయిలు కంపు కూడా కొడుతోందని చెప్పాను. అతను కళ్లు మూసుకుని వింటున్నాడు.

"ఇంకా సెప్పు" అన్నాడు.

ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.